గాలి సంచులూ సందుల తాతా

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. తెలియనివన్నీ తర్వాత తెలిశాయి, ఒక్కొక్కటీ చెంప పగలగొట్టి మరీ. డిప్లొమా చేతికి రాగానే ఎర్రగుంట్ల దగ్గర ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరుగా చేరాను. మా నాపబండలు మొట్టమొదటిసారి కంటైనర్‌లో ఓడెక్కి పరదేశం పోతున్నాయి. "ఒక్కటీ పగలకుండా చేరితే నిన్ను పర్మనెంటు చేస్తాప్పా" అన్నాడు ఫ్యాక్టరీ సావుకారి. అంతే, మా అమ్మ ఆ ఆదివారమే చర్చిలో లేచి నిలబడి నా పర్మనెంటు దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పేసింది. (ఆమె విశ్వాసం ఆమెది. బండలకు ఆ సంగతి తెలియదు కదా.)

మా హమాలీలకు పెద్ద ఒక ముసలాయన. అందరూ సందుల తాత అనేవాళ్లు. లారీలో బండలు నిలబెట్టాక ఎక్కడైనా వేలు దూరిందంటే చాలు, అక్కడ గడ్డి కుక్కేవాడు, చెక్క దిగ్గొట్టేవాడు. "రాయికి సందు దొరికితే నడుస్తాదప్పా" అనేవాడు. పరదేశానికి గడ్డి పోకూడదు, పురుగుంటుందని సరుకే వెనక్కి పంపుతారు అన్నాను. (ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.) "అట్లయితే చెక్కన్నా దిగ్గొట్టల్ల" అన్నాడు తాత. నవ్వాను. నా దగ్గర గాలి సంచులున్నాయి! పెట్టెల మధ్య పెట్టి గాలి కొడితే అవే పట్టుకుంటాయని ఒకపూట శిక్షణలో నేర్చుకున్నాను. ఎంత కొట్టాలో చెప్పే వేళకు భోజనాలు పెట్టారు, నేను అందరికంటే ముందు లేచి పోయాను.

బండలున్న చెక్కపెట్టెలను కంటైనర్‌లో రెండు వరుసలుగా నిలబెట్టించి, మధ్యలో మనిషి పట్టేంత సందు వదిలి, అందులో సంచులు వేలాడదీశాను. గాలి కొట్టడానికి పంక్చర్ షాపు మామను పిలిపించాను. "ఎంత కొట్టల్లప్పా?" అన్నాడు. "లారీ టైరు మాదిరి గట్టిపడేదాకా కొట్టు మామా" అన్నాను. తాత సంచిని తట్టి చూశాడు. "ఎండకు ఉబ్బుతాదేమో సూడప్పా." "ఇది కంపెనీ సరుకు తాతా, నీకు తెలీదులే" అని తలుపులు మూయించాను.

కంటైనర్ ఉన్న ట్రైలర్ కాగితాల కోసం యార్డులోనే ఆగింది. మే నెల, మిట్టమధ్యాహ్నం, మా ఎర్రగుంట్ల ఎండ. టీ తాగుతూ, పర్మనెంటయ్యాక కొనబోయే మోటారుసైకిలుకు రంగు ఎంచుకుంటున్నాను. ఢామ్మంది! క్వారీలో మందు పేలిందనుకుని డ్రైవరు బండి కింద దూరాడు. ఇంకొకటి ఢామ్మంది. తర్వాత లోపల గరగరమని రాయి నడిచిన చప్పుడు, వెంటనే పెళపెళ. సంచులు పేలిపోయేసరికి పెట్టెలన్నీ ఆ సందులోకి ఒరిగిపోయాయి. అయ్యో దేవుడా, నా బతుకు ఇంతేనా అనుకున్నాను. అమ్మకు ఏమని చెప్పేది?

సావుకారి పరుగున వచ్చి తలుపులు తీయించాడు. "ఎవురప్పా దీన్ని కట్టింది?" నేను నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను. "నేనే సామీ" అన్నాడు తాత.

సావుకారి లోపలికి చూశాడు, తాతను చూశాడు. "నువ్వు కట్టింటే ఇంత సందు యాడుంటాది? ఎవురికి చెప్తాండావు?" అని నా వైపు తిరిగాడు.

పర్మనెంటు లేదు, సూపర్‌వైజరూ లేదు. "పో, ఆయప్ప కాడ నేర్సుకో" అన్నాడు. ఏడాదిపాటు తాత వెనక చెక్కలు కోశాను, దిగ్గొట్టాను. ఎందుకట్లా చెప్పావని ఒకసారి అడిగితే, "ముసలోన్ని, నాకేముండాదప్పా. నువ్వు బతకల్ల కదా" అన్నాడు. మళ్లీ అడగలేదు, ఏడుపొచ్చింది.

తాత ఇప్పుడు లేడు. నేనింకా కంటైనర్లే కడుతున్నాను. గాలి సంచులూ వాడతాను, చేత్తో నొక్కితే లొంగేంత గాలితో. ఇంట్లో పెట్టె సర్దినా సందు కనిపిస్తే తువ్వాలు కుక్కుతాను. "మనం కడపకు పోతాండామా, ఓడెక్కుతాండామా?" అంటుంది మా ఆవిడ. నాకూ నవ్వొస్తుంది. బూట్లు చూసుకుంటూ నిలబడిన ఆ కుర్రవాడి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, నోరు తెరిపించాలనిపిస్తుంది. ఇన్నేళ్లకు ఇప్పుడు చెప్తున్నాను సావుకారీ, కట్టింది నేనే.