చీమల వెంట మా ఓనరమ్మ

మా ఓనరమ్మ పోయింది. సూర్యాపేటలో ఇప్పుడు మేముంటున్న ఇంట్లో, పాపకు జడ వేస్తుండగా కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె భర్తే చేశారు. "మీ అత్తమ్మ లేదమ్మా," అన్నారు. "పొద్దున చాయ్ పెడతనని లేచింది. పొయ్యి ముట్టియ్యకముందే కూలవడ్డది. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది." పాప సగం జడతో అలాగే కూర్చుని నా ముఖంలోకి చూసింది.

ఆమె నాకు చుట్టం కాదు. కోదాడలో మేం కిరాయికున్న ఇల్లు ఆమెది. కింద వాళ్లు, పైన మేము. మాది మిర్యాలగూడ. నాకు కోదాడలోని ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం దొరికితే, ఇల్లు వెతుక్కుంటూ మా ఆయనా నేనూ ఆ గేటు తీశాం. ఎవరైనా ఓనరు మొదట ఏం ఉద్యోగమని అడుగుతారు, ఎంతమంది ఉంటారని అడుగుతారు. ఈమె నన్ను ఎగాదిగా చూసి, "చక్కెర దేంట్ల పోస్తవ్?" అని అడిగింది.

"ప్లాస్టిక్ డబ్బాలో ఆంటీ."

"ఆంటీ ఏంది, అత్తమ్మా అను. మూత తిప్పేదా, నొక్కేదా?"

"నొక్కేదే."

ఆమె నిట్టూర్చి మా ఆయన వైపు జాలిగా చూసింది, పాపం, తెలియక చేసుకున్నాడన్నట్టు. "తిప్పే మూతది కొనుక్కో బిడ్డా. కొనుక్కున్నంక పాలు పొంగియ్యుండ్రి," అంది. ఇల్లు అలా దొరికింది మాకు.

వంటింటి సామాను పెట్టుకునే చిన్న గది ఒకటి ఉండేది ఆమెకు. అందులోకి చీమ రాకూడదు. ఇది ఆమె జీవితంలో పెట్టుకున్న పని. చక్కెరలో లవంగాలు, బియ్యంలో వేపాకు, గడప మీద పసుపు గీత. బెల్లం డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంలో, నదిలో లంకలా కూర్చోబెట్టేది. అల్మారా నాలుగు కాళ్ల కింద నాలుగు నీళ్ల గిన్నెలు. ఒకసారి దోమల సంగతి చూడటానికి ఇల్లిల్లూ తిరుగుతున్న ఆరోగ్య కార్యకర్త ఆ గిన్నెల్లోకి వంగి చూసి, "ఈ గిన్నెలల్ల దోమ పిల్లలున్నయమ్మా, నీళ్లు పారబొయ్యాలె," అంది.

"పారబోస్తే చీమలెక్కుతయ్."

"చీమలతోని జ్వరం రాదు గదమ్మా."

"నువ్వు జ్వరం సంగతి సూస్తున్నవ్. నా చక్కెర సంగతి ఎవరు సూస్తరు?"

చివరికి అత్తమ్మ ఆ పిల్ల ఎదురుగానే నీళ్లు పారబోసి, అల్మారా కాళ్లకు ఆముదం పట్టించింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె భర్త, మేం మామయ్య అని పిలిచే ఆయన, పంచె అంచులకు ఆముదం మరకలే.

ఆమె చీమలన్నింటినీ ఒక్కలా చూసేది కాదు. ఎర్రవి దుర్మార్గులు. నల్లవి మంచివి, వాటిని చంపకూడదు, చెప్పి పంపించాలి. ఎక్కడికి పంపిస్తుందో నాకు కొన్నాళ్ల దాకా తెలియలేదు. ఒకరోజు స్కూలు నుంచి వస్తుంటే, ఆమె మెట్ల దగ్గర గొంతుక్కూర్చుని గోడతో మాట్లాడుతోంది. "గీడ ఏమున్నదని వచ్చిన్రు? పైన టీచరమ్మ కాడ బిస్కెట్లున్నయ్. పోండ్రి, పైకి పోండ్రి." నన్ను చూసి ఏమాత్రం తడబడకుండా, "అలిసిపోయినవా బిడ్డా," అని పలకరించింది.

నేను మాత్రం ఊరుకుంటానా? మందు చాక్‌పీసు తెచ్చి మా గడపకు, కిటికీలకు గీతలు గీశాను. చీమలు కిందికి దిగాయి. ఆమె పసుపు పెంచింది. పైకెక్కాయి. పాపం, ఆ చీమలు రోజూ మా రెండు వంటిళ్ల మధ్య డ్యూటీకి వెళ్లినట్టు తిరిగేవి. మేమిద్దరం మాత్రం సాయంత్రాలు ఒకే మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీసుకునేవాళ్లం. చీమల మాట ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

ఆ ఏడు వానలు మొదలవగానే పరిస్థితి చెయ్యి దాటింది. ఎంత పసుపు చల్లినా, ఎన్ని గీతలు గీసినా లైను ఆగలేదు. ఒక పొద్దున ఆమె పైకొచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా, తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. "మనసుల పెట్టుకోకు బిడ్డా. పాప అన్నప్పుడు బిస్కెట్లు, చాక్లెట్లు ఉంటనే ఉంటయ్. నా ఇంట్లకెల్లి చీమలు పోవాలంటే మీరు ఇంకో ఇల్లు సూస్కోవాలె."

స్కూలుకు నడిచి వెళ్లే దూరంలో అంత మంచి ఇల్లు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? పైగా నేను స్కూల్లో ఉన్నప్పుడు పాపకు అన్నం తినిపించేది ఆమే. దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. "పోతం అత్తమ్మా. కానీ ఆ చీమలు మా ఇంట్లకెల్లే వస్తున్నయని నాకు సూపియ్యి. సూపిస్తే ఇయ్యాలనే సామాను సర్దుకుంట," అన్నాను.

ఆమెకు పందెమంటే ఇష్టం. "నడువు," అంది.

ఆదివారం కావడంతో తొందర లేదు. ఆమె గడప నుంచి మొదలుపెట్టి, ఇద్దరం కొంగులు దోపుకుని, వంగి లైను వెంట నడిచాం. చీమలు ఆమె సామాన్ల గది ముందు నుంచి పోతున్నాయి కానీ లోపలికి వెళ్లడం లేదు. "నా ఇల్లు నచ్చుతలేదా వీటికి," అని ఆమె చిన్నబుచ్చుకుంది. లైను మెట్లెక్కలేదు. మా వైపు తిరగనే లేదు. గోడ వెంట పోయి, మెట్ల కింది మోటరు గదిలోకి దూరింది.

ఆ గది మామయ్య రాజ్యం. పొద్దునా సాయంత్రం బోరు మోటరు వేసేది ఆయనే. ఇంకెవర్నీ ముట్టనిచ్చేవారు కాదు. "షాక్ కొడతది," అనేవారు. లోపల పాత ఫ్యూజులు, వైరు ముక్కలు వేసే రేకు డబ్బా ఒకటి గూట్లో ఉంది. చీమలు దాని మూత కింద నుంచి వస్తూ పోతూ ఉన్నాయి. ఆమె కొంగుతో దులిపి మూత తీసింది. ఫ్యూజులు లేవు. కాగితంలో చుట్టిన బాలుషాయి మిఠాయిలు, నువ్వుల ఉండలు, ఒక బెల్లం ముక్క.

మామయ్యకు షుగరు. ఆమె ఆయనకు అన్నం మానిపించి జొన్న రొట్టె పెడుతోంది, చాయ్‌లో చక్కెర బంద్ చేసింది. అయినా ఎప్పుడు పరీక్ష చేయించినా షుగరు దిగడం లేదు. ఆమె ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూలబడింది.

"డాక్టరుతోని కొట్లాడిన బిడ్డా," అంది మెల్లగా. "మా ఆయన నోరు కట్టేసుకున్నడు, మీ మందులే పనిచేస్తలేవని నలుగుర్ల లొల్లి వెట్టిన. మా అన్నకు గిట్లనే ముదిరి కాలు తీసేసిన్రు. అది యాదికొస్తే నాకు నిద్ర రాదు. ఈయనేమో గీడ కూసొని ఫ్యూజులు తింటున్నడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు ఆమే నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. సరిగ్గా అప్పుడే మామయ్య భుజం మీద తువ్వాలతో వచ్చి, మమ్మల్నీ, ఆమె ఒళ్లో డబ్బానూ చూసి, అక్కడే నిలబడిపోయారు.

"మోటర్ ఎయ్యాలె," అన్నారు చివరికి.

"ఎయ్యి," అంది ఆమె. "షాక్ కొట్టేది అయిపోయింది."

తర్వాతిసారి దవాఖానకు వెళ్లినప్పుడు ఆమె డాక్టరుకు దండం పెట్టి, "మీ మందులు మంచిగనే ఉన్నయ్ సారూ, మనిషే మంచిగ లేడు," అని చెప్పిందట. మామయ్యే చెప్పారు నాకు, కొంచెం గర్వంగా కూడా. ఆ రోజు నుంచి నల్ల చీమలకు ఆ ఇంట్లో మర్యాద పెరిగింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ ముందు మోటరు గది గోడ చూసేది. లైను లేకపోతే, "ఇయ్యాల బుద్ధిగున్నడు," అని నాకు వినిపించేలా చెప్పేది. ఉంటే ఇంట్లో పంచాయతీ.

మా సంగతి? ఆమె నాకు సారీ చెప్పలేదు. మర్నాడు వేడి గారెలు గిన్నెలో పెట్టుకుని పైకొచ్చి, "ఇల్లు సూస్తున్నరా?" అని అడిగింది. లేదన్నాను. "మంచిది. ఎందుకు సూసుడు, పరేషాన్," అని గిన్నె నా చేతిలో పెట్టి దిగిపోయింది. మా ఆయనకు సూర్యాపేట బదిలీ అయ్యేదాకా అక్కడే ఉన్నాం. వచ్చేశాక కూడా ఫోన్ చేసేది. "మంచిగున్నరా" అనడానికి ముందే, "చీమలొచ్చినయా?" అని అడిగేది. వచ్చాయంటే సంతోషించేది, చెప్పడానికి బోలెడు సంగతులుంటాయి కదా.

దశదినానికి కోదాడ వెళ్లాం. ఇంటి నిండా చుట్టాలు. విస్తరాకులు ఎత్తేశాక ఎవరో మామయ్య ముందు లడ్డూలు, బూరెలు ఉన్న పళ్లెం పెట్టారు. "ఇయ్యాల తినాలె, ఆమె పేరు మీద," అన్నారు. ఆయన పళ్లెం పక్కకు జరిపి, "జర చాయ్ పెట్టిస్తవా అమ్మా," అని నన్నడిగారు. నేను వంటింట్లోకి వెళ్లి, ఆమె గిన్నెలోనే పెట్టి, చక్కెర డబ్బా పట్టుకుని, "ఎంత వెయ్యమంటరు మామయ్యా?" అని అడిగాను.

"వద్దు," అన్నారు.

ఆ ఇంట్లో ఇక ఆయన్ని అడ్డుకునేవాళ్లు ఎవరూ లేరు. చక్కెర లేని ఆ చాయ్ కప్పును రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లలు మందు తాగేటప్పుడు పెట్టే ముఖం పెట్టి, వంటింటి వైపే చూస్తూ, ఆయన చివరి గుక్క దాకా తాగారు.