రెక్స్ హాలరన్ అనే చొక్కా

మైలో హ్రూస్కా నెవార్క్ టోపీల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు ఆవిరి మింగాడు. ఆ ఆవిరిలోనే 1939లో అతనికో కథ తట్టింది: చంద్రుడి మీద మిగిలిన ఆఖరి మనిషి తన నీడకు ఉత్తరాలు రాసుకుంటాడు. న్యూయార్క్‌లోని ఓ చవక పత్రిక దాన్ని రెక్స్ హాలరన్ పేరుతో అచ్చేసింది. రెక్స్ హాలరన్ అనే మనిషి లేడు. ఒకే రచయితవి రెండు కథలు ఒకే సంచికలో పడ్డా, కొత్తవాడి పేరుకు నోరు తిరగకపోయినా ఆ పత్రికవాళ్లు తొడిగే మారుపేరు చొక్కా అది.

మైలో మళ్లీ రాయలేకపోయాడు. ఆ ఒక్క కథనే గడ్డానికి నురగ పూయించుకుంటూ మంగలికి చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా చంద్రుడు ఇంకో మైలు పెరిగేవాడు.

1961లో లైబ్రరీకి కొత్త పుస్తకం వచ్చింది: మహారచయిత ఎల్డన్ థార్ప్ తొలినాటి కథలు. నూట పన్నెండో పేజీలో మైలో కథ! థార్ప్ కూడా ఒకప్పుడు ఆ చొక్కా తొడుక్కున్నవాడే. పుస్తకం వేసినవాళ్లు రెక్స్ హాలరన్ కథలన్నీ ఊడ్చి ఆయన బుట్టలో పోశారు.

మైలో రైలెక్కి పాత సంపాదకుణ్ణి వెతికి పట్టుకున్నాడు.

"ఆ చొక్కా అయిదుగురు తొడుక్కున్నారు నాయనా. ఎవడి చెమట ఏదో నాకేం తెలుసు? కార్బన్ కాపీ ఉందా?"

కార్బన్ కాపీని యుద్ధకాలంలో పాతకాగితాలు అడిగినవాళ్లకు భార్య జెల్మా ఇచ్చేసింది.

"కథంతా కంఠతా వచ్చండీ!"

"పుస్తకం కొన్నవాడికల్లా వస్తుంది."

మైలో థార్ప్‌కు ఉత్తరం రాశాడు. మర్యాదగానే జవాబొచ్చింది: ఆ రోజుల్లో వారానికో కథ రాసేవాణ్ణి, ఏది రాశానో గుర్తులేదు, కానీ ఈ సంపుటిలో నాకు బాగా నచ్చింది మాత్రం అదే.

"ఇంకోటి రాసి పారెయ్యవయ్యా, చేతులు పడిపోయాయా?" అంది జెల్మా.

మైలో నాలుగు నెలలు కూర్చుని ఇంకోటి రాశాడు. ఈసారి సొంత పేరే పెట్టి ఓ పత్రికకు పంపాడు. కథ తిరిగొచ్చింది, పైన పెన్సిల్‌తో రెండు ముక్కలు:

"శైలి మరీ థార్ప్‌ది. మీ సొంత గొంతు వెతుక్కోండి."

జెల్మాకు చదివి వినిపించాడు. ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.