మూడో చరణంలో గాలి

ముందు ఒక ఊపిరి వినబడుతుంది. మందిరంలో ఇంకా ఎవరూ నోరు విప్పి ఉండరు. తెర వెనక ఏదో పెద్ద జంతువు నిద్రలో ఒత్తిగిలినట్టు హుస్సుమని ఒకసారి, గుర్రుమని ఒకసారి. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడెవరో ఆయాసం మనిషి ఉన్నారనుకుని జాలిగా చూస్తారు. పాతవాళ్ళు చూడరు. అది ఆర్గన్‌కి గాలి ఊదే తిత్తి. దాన్ని కొట్టేది గాలత్త.

గాలత్తకి అరవై రెండేళ్ళు. వీధి మలుపులో సైకిళ్ళ పంక్చర్ షాపు ఆమెది. ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో కనిపెట్టి, గరుకు కాగితంతో రుద్ది అతుకు వేస్తుంది. వారమంతా టైర్లకి గాలి కొట్టే మనిషి ఆదివారం దేవుడికి కొడుతుందని వీధిలో ఓ వేళాకోళం.

"దేవుడికి ఇంతవరకూ పంక్చరు పడలేదురా," అంటుందామె తల ఎత్తకుండా. "పడేదంతా మీకే."

తెర వెనక ఆమెకో ముక్కాలిపీట, నడుమెత్తు కర్ర మీట ఉన్నాయి. మీట లేపి నొక్కుతుంటే తిత్తి నిండుతుంది. ఎంత నిండిందో చెప్పడానికి దారానికి కట్టిన సీసపు గుండు ఒకటి గోడ మీద జారుతూ ఉంటుంది. తిత్తి నిండితే గుండు దిగుతుంది, ఖాళీ అయితే ఎగబాకుతుంది. గోడ మీద పైన గీసిన ఎర్రగీత దాకా ఎగబాకిందంటే పాటకి ఆఖరి ఘడియే. ఇరవై ఎనిమిదేళ్ళలో గాలత్త దాన్ని ఆ గీత తాకనివ్వలేదు.

తెర అవతల ఆర్గన్ వాయించేది మాస్టారు. మంచి మనిషే, కానీ నిదానం. ఆయన కీర్తన ఎత్తుకున్నాక నత్త బయల్దేరినా ఆమెన్ దగ్గరికి ముందు నత్తే చేరుతుంది.

తెర అంచు కిందనుంచి గాలత్తకి కనబడే లోకం జానెడు. అందులో మొదటి బల్ల కింద కోడలి పాదాలు. కోడలిది వేరే దేశం, వేరే భాష. కుట్టుమిల్లులో పనికోసం వచ్చిన ఇరవై కుటుంబాల్లో పిల్ల. వాళ్ళ పాటల్లో ఒకరు పిలుస్తారు, అందరూ పలుకుతారు. చేతులూ కాళ్ళూ ఊరుకోవు. మాస్టారు పాటని ఎంత సాగదీసినా ఆ పిల్ల బొటనవేలు తన లెక్కన తాను నేలమీద వానచుక్కల్లా తాళం వేస్తూ ఉండేది. అది చూస్తూ మీట కొట్టడం గాలత్తకి అలవాటు.

రెండు వారాలుగా ఆ వేలు కదలడం లేదు. చప్పట్ల పాటలు లోపల వద్దని, ఆశీర్వాదం అయ్యాక బయట మెట్ల మీద పాడుకోవచ్చని సంఘపెద్దలు తీర్మానించారు. ఆ మాట ముందు ఎత్తింది మాస్టారే.

శనివారం షాపులో ట్యూబు తుడుస్తూ కోడలు చెప్పింది.

"అత్తయ్యా, వచ్చే వారం నుంచి వంతెన అవతలి మందిరానికి పోతా. అక్కడ మావాళ్ళని మెట్ల మీద నిలబెట్టరు."

"మరి మీ ఆయన?"

"మీతోనే వస్తాడు. ఆయనకి ఎక్కడైనా నిద్రేగా."

గాలత్త నవ్వింది గానీ, చేతిలో అతుకు వంకరగా పడింది. తన జానెడు లోకంలో రేపటి తర్వాత ఖాళీ నేల తప్ప ఏమీ ఉండదు.

ఆదివారం మాస్టారు తనకి ప్రాణమైన కీర్తన ఎత్తుకున్నాడు. అది కోడలివాళ్ళకీ వచ్చు. ఏ కాలంలో ఎవరు మోసుకొచ్చారో గానీ ఒకే రాగం ఇద్దరి ఊళ్ళలోనూ దిగింది. ఇక్కడ నడక నేర్చింది, అక్కడ గంతులు.

మూడో చరణంలో గాలత్త మీట వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గుండు నెమ్మదిగా ఎగబాకి గీతని ముద్దాడింది. ఆర్గన్ తప్పిపోయిన మేకలా ఒక్కసారి అరిచి ఊరుకుంది.

"అత్తా, గాలి," మాస్టారి గుసగుస.

"తిత్తి అలిసింది మాస్టారూ."

కోడలు అందుకుంటుందని గాలత్త లెక్క. కోడలు అందుకోలేదు. ఎవరూ అందుకోలేదు. సగం చెవుడున్న పోస్టుమాన్ తాతొక్కడు, ఆర్గన్ ఆగిన సంగతి తెలియక, కళ్ళు మూసుకుని పాడుతూనే ఉన్నాడు. రాగం ఆయన చేతిలోంచి సబ్బుముక్కలా జారిపోతోంది. గాలత్త పళ్ళు బిగించి మీట వైపు చెయ్యి చాచింది.

అప్పుడు బొటనవేలు కదిలింది. ఆ అపస్వరాన్ని కోడలు అర చరణం భరించింది, ఇక ఆమె వల్ల కాలేదు. ఒక చప్పట. ఇంకొకటి. తాతని భుజం పట్టి నిలబెట్టినట్టు తన భాషలో అదే చరణం ఎత్తింది. వెనక బల్లలవాళ్ళు పలికారు. తర్వాత ముందు బల్లలు, మొదట మొహమాటంగా, ఆపైన చెప్పులు విడిచి కాళ్ళతో తాళం వేస్తూ.

ఆశీర్వాదం అయ్యాక మాస్టారు తెర ఎత్తాడు. నిక్షేపంలా ఉన్న తిత్తిని చూశాడు. గాలత్తని చూశాడు.

"అలిసింది తిత్తి కాదన్నమాట."

"నా నడుం మాస్టారూ."

"వచ్చే వారమూ మూడో చరణంలోనే అలుస్తుందా?"

గాలత్త సీసపు గుండు దారం సరిచేసింది.

"ముందే చెబితే నేనూ చేతులు తీస్తాను. అందరూ పాడుతుంటే, పలకని ఆర్గన్ మెట్లు నొక్కుతూ వెర్రివాడిలా కూర్చున్నాను." గడప దాకా వెళ్ళి ఆగాడు. "బయట మెట్ల మీద ఎండ ఎక్కువ. పెద్దలతో నేను చెబుతాలే."

కోడలు వంతెన దాటలేదు. కొడుక్కి మాత్రం నిద్ర కరువైంది.

ఈ కథ రాసుకోవడానికి షాపుకి వచ్చిన మనిషికి ఇంతా చెప్పి, గాలత్త పంపు గోడకి ఆనించింది.

"ఆదివారం నువ్వూ రా. నాలుగో చరణానికి మళ్ళీ గాలి కావాలి, నేనేమో చప్పట్లలో ఉంటాను. ఆ మీట కాస్త నువ్వు కొట్టిపెట్టు."