స్టెప్నీ లేని కారు

నాగులు మామూలుగా మాట్లాడితే పక్కవాళ్ళు తిడుతున్నాడనుకుంటారు. నిజంగా తిట్టినప్పుడు పక్క వీధి వాళ్ళకు కూడా అనుమానం మిగలదు. అర్ధవీడు దగ్గర కొండవాలులో గొర్రెల వెంట తిరుగుతూ పెరిగిన గొంతు అది. ఈ గుట్ట మీద నిలబడి ఆ గుట్ట మీద ఉన్నవాడితో మంచిచెడ్డలు మాట్లాడడానికి అలవాటుపడింది. తర్వాత మేపడం మాని గొర్రెలు కొని అమ్మే వ్యాపారంలో దిగి, గిద్దలూరులో ఇల్లు కట్టుకున్నాడు. గొంతు మాత్రం కొండ దిగలేదు. ఒకసారి బ్యాంకు మేనేజరుతో ఏదో రహస్యం చెప్పబోతే, గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి కర్ర పట్టుకుని లోపలికి పరుగెత్తాడు.

ఆయనకు ఊళ్ళో పగవాళ్ళు చాలామంది. పాలు పోసేవాడు, కరెంటు లైన్‌మన్, రైలు వచ్చేముందు గేటు వేసే మనిషి. వీళ్ళలో ఎవరికీ తాము నాగులుకు పగవాళ్ళమని తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, తోడల్లుడు నరేంద్ర.

నరేంద్ర మార్కాపురంలో కాంట్రాక్టరు. నాగులు భార్య నాగవేణి సొంత చెల్లెలి మొగుడు. తెల్ల చొక్కా, తెల్ల చెప్పులు, తెల్లటి పెద్ద కారు. ఆయన గృహప్రవేశం రోజున నాగులు సంతలో బేరం ముగించుకుని నేరుగా అక్కడికి వెళ్ళాడు. చుట్టాలందరినీ భోజనాల హాలుకు కార్లలో తీసుకుపోతున్నారు. నాగులు ముందు సీటు తలుపు తెరిచాడు.

"అన్నా, ఒక్క నిమిషం," అని నరేంద్ర డిక్కీలోంచి ప్లాస్టిక్ పట్టా తీసి సీటు మీద పరిచాడు. "ఏం లేదన్నా. సీట్లు కొత్తవి. మళ్ళా వాసన పట్టుకుంటే పోదు."

నాగులు ఆ పట్టా మీదే కూర్చున్నాడు. కదిలినప్పుడల్లా అది కరకరమంది. వెనక సీటులో నాగవేణి తల కిటికీ వైపు తిప్పుకుని హాలు వచ్చేదాకా ఇటు చూడలేదు. నాగులు ఒక్క మాట అనలేదు. ఆయన అరిచి ఉంటే తనకు అంత భయం వేసేది కాదని నాగవేణి తర్వాత చెప్పింది.

మర్నాడు పొద్దున్నే నాగులు జిలాని దుకాణం ముందున్నాడు.

జిలానిది మెయిన్ రోడ్డు మీద టైర్ల దుకాణం. పైన ఇల్లు. నాగులు ఆయన్ను మామా అంటాడు, ఆయన అల్లుడా అంటాడు, నాగవేణి చిన్నాయనా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు వరస కలపకుండా టీ కూడా తాగరు. టైర్ల పని కాక జిలాని ఊళ్ళో వాళ్ళ కోసం హైదరాబాదు వెళ్ళి సెకండ్ హ్యాండ్ బండ్లు చూసి పెడతాడు. "జిలాని చూసిన బండి" అంటే ఎవరూ మళ్ళీ బానెట్ ఎత్తి చూడరు.

"నరేంద్ర కారు చిన్నబోయే కారు కావాల మామా."

"అట్ల చిన్నబుచ్చేది ఏ కంపెనీదిరా?"

"అది తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తా?"

ఇద్దరూ హైదరాబాదు పోయి చూస్తే దొరికింది. జర్మనీ కంపెనీది, ముదురు నీలం, నేలకు ఆనుకుని పడుకున్న పులిలా ఉంది. ఎవరో డాక్టరు వాడుకున్నది. కొత్తదైతే నాగులు దాని వైపు చూసేవాడు కూడా కాదు. పాతది కాబట్టి చేతికందింది. ఆ డాక్టరు చూస్తుండగా నాగులు కారు నడ్డి మీద అరచేత్తో చరిచాడు, కప్పు మీద వేళ్ళతో నొక్కి చూశాడు, ముందుకు వచ్చి వంగి దాని మూతిలోకి చూశాడు.

"ఎన్ని పళ్ళు మామా?"

"ఆరు పళ్ళనుకో. ఇంకా మంచి ఈతలే ఉండాయి," అన్నాడు జిలాని, పళ్ళను బట్టి వయసు చెప్పే గొర్రెల లెక్కలోనే. డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు గాని, తన కారు పరువు పోతోందని మాత్రం తెలిసింది.

అప్పుడే నాగులు లోపల కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాడు. కారు గర్రుమంది. జిలాని కిటికీలో తల పెట్టి, "అల్లుడా, దీనికి స్టెప్నీ రాదు. ఈ టైర్లే వేరే రకం, గాలి పోయినా కూలబడవు," అని చెప్పాడు. నాగులు తల ఊపాడు. ఆయన విన్నది ఇంజన్ని, జిలానిని కాదు.

కారు గిద్దలూరు వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. కొబ్బరికాయ కొట్టారు. తర్వాత ఒక చిక్కు బయటపడింది. కారు ఎత్తు తక్కువ, మా ఊరి స్పీడ్ బ్రేకర్ల ఎత్తు ఎక్కువ. నలుగురు కూర్చుంటే అడుగు గీరుకునేది. అందుకని బ్రేకర్ రాగానే అందరూ దిగి, నడిచి, అవతల మళ్ళీ ఎక్కాలి.

"ఈ కారులో కూసునేదానికంటే దిగి నడిచేదే ఎక్కువుంది," అంది నాగవేణి.

"నోరు మూసుకుని దిగు," అన్నాడు నాగులు.

మొదటి ప్రయాణం మార్కాపురానికే. నరేంద్ర బయటికొచ్చి కారు చుట్టూ తిరిగాడు. అద్దాలు చూశాడు, సీట్లు నొక్కాడు, బుసలు కొట్టే ఏసీ ముందు చెయ్యి పెట్టాడు. వంక దొరకలేదు. ముఖం వాడిపోతుంటే నాగులు కళ్ళారా చూస్తున్నాడు. అంతలో నరేంద్ర డిక్కీ తెరిచి, కింద పరిచిన గుడ్డ ఎత్తాడు.

"స్టెప్నీ ఏదన్నా?"

నాగులు తొంగి చూశాడు. లేదు.

"పాత బండ్లంతే అన్నా. మధ్యలోవాడు మిగిల్చిందే మనకు."

"మా మామ అట్లాటోడు కాదు."

"కాదులే. చక్రానికి కాళ్ళొచ్చి పోయింటాది," అని నరేంద్ర డిక్కీ నెమ్మదిగా మూశాడు.

ఆ మాట కంభం దాకా, కంభం నుంచి గిద్దలూరు దాకా నాగులుతో పాటు ముందు సీటులోనే కూర్చుని వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మా ఊళ్ళో స్టెప్నీ అంటే బండికి అదనంగా ఉంచుకునే చక్రం. మగవాడు అదనంగా ఇంకో వీధిలో పెట్టుకునే సంసారాన్ని కూడా స్టెప్నీ అనే అంటారు. ఏది ఎప్పుడు అన్నది మాట్లాడే తీరును బట్టి తెలిసిపోతుంది. నాగులుకు కోపం వస్తే తీరు ఉండదు.

"మామా!" అని దుకాణం ముందు కారు ఆపీ ఆపకముందే అరిచాడు. "స్టెప్నీని యాడ దాచినావు?"

జిలాని లారీ టైరు విప్పుతున్నాడు. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు గ్లాసులు దించారు. మేడ మీద జిలాని భార్య ఖాతూన్‌బీ బట్టలు ఆరేస్తూ ఆగింది.

"ఇన్నేళ్ళు నీ పక్కన తిరిగినా, నాకే తెలీకుండా దాచినావే! హైదరాబాదులోనే ఉంచినావా, ఈడికి తెచ్చి ఎవురికన్నా అప్పజెప్పినావా?"

"క్యా జీ?" పైనుంచి ఖాతూన్‌బీ గొంతు. "హైదరాబాదులో ఎవురు?"

"టైరే, టైరు!" జిలాని పైకి చూసి చేతులూపాడు.

"టైరుకు ఇంత అరుస్తారా ఎవురన్నా?"

రోడ్డంతా నవ్వింది. జిలాని నవ్వలేదు. "అల్లుడా, దీనికి స్టెప్నీ కంపెనీయే ఇయ్యదు. ఆ రోజే చెప్పినా కదా."

"చెప్పినావా? ఎప్పుడు? నా పాత జీపుకే ఉండాది. అంత పెద్ద జర్మనీ కంపెనీకి ఒక చక్రం కరువైందా? ఎవుడికి చెప్తాండావు ఈ కత? టైర్ల దుకాణమోడికి ఇంకో టైరు దొరికితే వదులుతాడా? దొంగ!"

నవ్వులు ఆగిపోయాయి. జిలాని గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"సరే నాగులుగారూ," అన్నాడు. "పోయి రాండి."

మా వైపు మనిషిని తిడితే మళ్ళీ కలుపుకోవచ్చు. వరస తీసేసి గారూ అన్నారంటే, వాకిలి మూశారన్నమాట.

తర్వాతి రోజులు జిలానికి బాగా గడవలేదు. సెకండ్ హ్యాండ్ బండ్లు చూసిపెట్టేవాడికి పేరు తప్ప వేరే సరుకు ఉండదు. కారు చూడడానికి రమ్మని బతిమాలిన రాచర్ల ఆయన "ఇప్పుడు వద్దులే భాయ్" అన్నాడు. ఎప్పుడూ టైరు వదిలేసి భోజనానికి పోయే లారీ డ్రైవరు మస్తానయ్య, పొట్లం తెచ్చుకుని తన టైరు పక్కనే కూర్చుని తిన్నాడు. జిలాని ఆయన ముందు మంచినీళ్ళు పెట్టాడు గాని, ఆ పూట తాను అన్నం ముట్టలేదు. పైగా హైదరాబాదు పేరెత్తినప్పుడల్లా ఖాతూన్‌బీ, "అవునవును, టైరు కదా," అనడం మొదలుపెట్టింది.

నాగులు మాత్రం ఆ దుకాణం ముందు నుంచి పోవడం మానేశాడు. వెనక వీధిలోంచి తిరిగి పోయేవాడు. అక్కడ స్పీడ్ బ్రేకర్లు ఇంకా ఎక్కువ.

"చిన్నాయన దొంగతనం చేసే మనిషేనా?" అని నాగవేణి అడిగేది.

"చక్రం యాడుంది మరి? అది చెప్పు ముందు."

అర్ధవీడులో చుట్టాల ఇంట్లో పుట్టువెంట్రుకలు తీశారు. నాగులు, నాగవేణి, ఆమె తల్లి పోలమ్మ కారులో వెళ్ళి, మధ్యాహ్నం తిరుగు ప్రయాణమయ్యారు. కంభం దాటాక స్టీరింగు ముందున్న మీటర్ల మధ్య పసుపు దీపం వెలిగి టింగుమంది. నాగులు దిగి చూశాడు. వెనక చక్రంలో వేలెడు ఇనుప ముక్క దిగి ఉంది. బుస్సుమని గాలి పోతోంది.

నాగులు కొండ వైపు తిరిగి జిలానిని తిట్టడం మొదలుపెట్టాడు. తుమ్మ చెట్ల కింద మేకలు తలలెత్తి చూశాయి.

"ఎవుర్ని నాయనా తిడతాండావు?" అంది పోలమ్మ లోపలి నుంచి. "ఈడ ఎవురూ లేరే."

నాగవేణి చెట్టు చాటుకు పోయి ఫోన్ చేసింది. "చిన్నాయనా, టైరు పోయింది. నడిదారిలో ఉండాం."

అటువైపు సుత్తి చప్పుడు ఆగింది. తర్వాత జిలాని, "ఎక్కి మెల్లగా నడపమను. గిద్దలూరు దాకా వస్తాది," అన్నాడు.

"ఆయన నమ్మడు చిన్నాయనా."

"నమ్మకపోతే కారు నెత్తిన పెట్టుకుని రమ్మను."

నాగవేణి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. నాగులు ఎర్రగా చూశాడు. చుట్టూ ఎండ, వెనక సీటులో అత్త, డిక్కీలో చక్రం లేదు. వేరే దారి లేక ఎక్కాడు. తల కిటికీలోంచి బయట పెట్టి, చక్రం రిమ్ము నేలకు గీరుకునే చప్పుడు కోసం చెవులు రిక్కించి నడిపాడు. ఆ చప్పుడు వస్తే జిలాని అబద్ధం తేలిపోతుంది. కారు పాడైనా ఫర్వాలేదు, తాను చెప్పింది నిజమైతే చాలన్నట్టు విన్నాడు.

చప్పుడు రాలేదు. బేస్తవారిపేట వచ్చింది, పోయింది. టైరు కొంచెం నలిగినట్టుంది గాని కూలబడలేదు.

"టైరు పోయిందంటిరి, పోతానే ఉందే?" అంది పోలమ్మ.

నాగులు తల లోపలికి తీసుకున్నాడు. గిద్దలూరు దాకా అట్లాగే నడిపాడు. వెనక వీధి మలుపు రాగానే నాగవేణి ఆయన వైపు చూసింది. ఆయన నేరుగా పోనిచ్చి, జిలాని దుకాణం ముందు ఆపాడు.

దిగి, జిలాని దగ్గరికి పోయి ఏదో అన్నాడు. నాగులు గొంతు తగ్గించి మాట్లాడడం ఊరు చూడడం అదే మొదలు. ఎవరికీ వినపడలేదు.

"ఏందండీ?" అన్నాడు జిలాని.

"తప్పైపోయింది మామా."

"వినపడలేదండీ. ఆ రోజు స్టేషన్ దాకా వినపడింది."

నాగులు చుట్టూ చూశాడు. అదే టీ కొట్టు, దాదాపు అదే మనుషులు. మస్తానయ్య కూడా ఉన్నాడు. నాగులు రోడ్డు మధ్యకు నడిచాడు. ఆటో ఒకటి ఆగిపోయింది. గుట్ట మీద నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకున్నాడు.

"వినండ్రా! ఈ కారుకు స్టెప్నీ లేదు! కంపెనీయే పెట్టలేదు! మా మామ దొంగ కాదు! నేనే వినిపించుకోలేదు! మా మామకు హైదరాబాదులో గాని, గిద్దలూర్లో గాని ఏ స్టెప్నీ లేదు!"

"గిద్దలూరు సంగతి ఎవురడిగినారు?" అంది ఖాతూన్‌బీ మేడ మీద నుంచి.

ఈసారి రోడ్డు చాలాసేపు నవ్వింది. మస్తానయ్య టీ మింగలేక దగ్గాడు. జిలాని ముఖం మాత్రం సడలలేదు. వంగి చక్రం చూసి, ఇనుప ముక్క మీద వేలు పెట్టి లేచాడు.

"ఈ టైరు ఈడ దొరకదు. తెప్పించాల. వచ్చినాక ఫోన్ చేస్తాం నాగులుగారూ."

"గారూ అనొద్దు మామా."

"మర్యాద కదండీ."

"తిట్టు మామా. పడతా."

"తిట్టేది మనోళ్ళని," అని జిలాని లోపలికి పోయాడు.

నాగవేణి తల్లిని ఆటో ఎక్కించి ఇంటికి తీసుకుపోయింది. నాగులు కదల్లేదు. దుకాణం ముందు పేర్చిన టైర్ల మీద ఎక్కి కూర్చున్నాడు. జిలాని ఆయన పక్కనుంచే అటూ ఇటూ తిరిగాడు గాని చూడలేదు. టీ వస్తే తనకొక్కడికే తెప్పించుకున్నాడు. ఖాతూన్‌బీ రెండో గ్లాసు కిందికి పంపబోతే, వద్దని చెయ్యి ఊపాడు. నాగులు అది కూడా చూసి కూర్చున్నాడు.

పొద్దు వాలే వేళకు పక్క ఊరి నుంచి ట్రాక్టరు వచ్చింది. దాని ఆసామి టైర్లన్నీ చూసి, నాగులు కూర్చున్న దాన్నే చూపించాడు.

"కొంచెం లేయండి," అన్నాడు జిలాని.

"లెయ్యను."

"లేయండి నాగులుగారూ."

"లెయ్యను మామా."

ఆసామి చేతి గడియారం చూసుకుని, "పక్క దుకాణంలో అడుగుతాలే," అని వెనక్కి తిరిగాడు.

"లెయ్‌రా దరిద్రుడా!" అని జిలాని కేక పెట్టాడు. ఆ గొంతు నాగులు గొంతుకు ఏమీ తీసిపోలేదు. "తిన్న తిండికి పనీపాటా లేదా? నా బేరం చెడగొట్టను పుట్టినావా? లెయ్!"

నాగులు చటుక్కున దిగాడు. జిలాని చెయ్యి వేసేలోగా టైరు తానే ఎత్తి, దొర్లించుకుంటూ ఆసామి వెంట పరుగెత్తాడు.

"యాడికి పోతావన్నా, ఆగు!" అని అరిచాడు, ఆసామి పక్కనే ఉన్నా. "విన్నావా? దరిద్రుడా అన్నాడు నన్ను!"