రెండు దోసిళ్ళ మట్టి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఎప్పుడూ సణిగేది. ఆ కోపాన్ని వెంటబెట్టుకునే సిడ్నీ వచ్చాను. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. పారమట్టాలో ఒక ఆఫీసులో పాత ప్రోగ్రాములు తిరగేసి, రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం నా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. స్టేషనుకి పది నిమిషాల నడక దూరంలో, ఒక పోలిష్ ముసలావిడ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, క్వీన్స్‌లాండ్‌లో ఉంటాడు.

మొదటి మూడు నెలలూ మాకు ఉప్పూ నిప్పే. నా పోపు ఘాటుకి ఆవిడ కిటికీలన్నీ బార్లా తెరిచేది. ఆవిడ పులియబెట్టిన క్యాబేజీ వాసనకి నేను చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆవిడకి కనబడేలాగే తిరిగేదాన్ని. మమ్మల్ని కలిపింది చర్చిలో ఆదివారం పూజ. మాది గుంటూరు వైపు ఆర్‌సీఎం కుటుంబం, ఆవిడా క్యాథలిక్కే. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నా దగ్గర పాత కారు. చర్చి నుంచి వచ్చాక వంటింట్లో కూర్చోబెట్టి, ముక్కల ఇంగ్లీషులో తన ఊరి సంగతులు చెప్పేది.

ఆ ఊళ్ళో తండ్రి పొలాన్ని కొడుకులకి నిలువుగా చీల్చి పంచేవారట. మూడు తరాలకి వీళ్ళ వాటా ఎంత సన్నబడిందంటే, నాగలి తిప్పాలంటే గుర్రం బాబాయి చేలో కాలు పెట్టాల్సిందే. ఆ ఒక్క చాలు కోసం తండ్రికీ బాబాయికీ తొమ్మిదేళ్ళు మాటల్లేవు. మా ఊళ్ళోనూ గట్టు జరిపారని తలలు పగలగొట్టుకుంటారని నేను చెబితే, ఆవిడ పడీ పడీ నవ్వింది. చలికాలంలో ఆడవాళ్ళంతా ఒక ఇంట్లో చేరి, దిళ్ళలోకి బాతు ఈకలు వలిచేవారట. ఈకలు ఎగిరిపోతాయని తలుపు తీయనిచ్చేవారు కాదు, తుమ్మినవాళ్ళకి తిట్లే తిట్లు. ఇంటి యజమాని పోతే ఎవరో ఒకరు కొట్టంలోకి వెళ్ళి ఆవులకి ఆ మాట చెప్పి రావాలట. ఇన్ని చెప్పేదా, యుద్ధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గిన్నెలు కడగడానికి లేచిపోయేది. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో, ఆఫీసులో ఒక హైదరాబాదీ ముస్లిం ఆయన వాళ్ళింటి కరివేపాకు పిలక ఒకటి ఇచ్చాడు. నా సంబరం అంతా ఇంతా కాదు. కానీ మా పెరట్లో నేల గడ్డపలుగుకి కూడా లొంగదు. నర్సరీలో ఒక సంచీ కొన్నాను గానీ అదేం మట్టి, చెక్కపొట్టూ, గుల్లగా ఉండాలని కలిపే తెల్ల పూసలూను. బట్టలుతికే గదిలో అలమర మీద పాత బిస్కెట్ల డబ్బా ఒకటి కనిపించింది. మూత తీస్తే నల్లటి మెత్తటి మట్టి, రెండు దోసిళ్ళుంటుంది. రైతు బిడ్డని కదా, వేళ్ళ మధ్య నలిపి చూశాను. అబ్బ, ఏం మట్టి! ఆవిడ ఎప్పుడో విత్తనాల కోసం దాచి మర్చిపోయిందనుకున్నాను. అడుగుదామంటే నిద్రపోతోంది. మట్టేగా అనుకుని కుండీలో నర్సరీ మట్టితో కలిపేశాను. డబ్బా కడిగి, బట్టల క్లిప్పులు వేసి, అదే చోట పెట్టాను.

పిలక నిలదొక్కుకుంది. నవంబరుకి మోకాలెత్తు పెరిగింది. తన బంగాళాదుంపల్లో కూడా రెండు రెబ్బలు వేయమని ఆవిడే అడగడం మొదలుపెట్టింది.

డిసెంబరులో ఆవిడకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఎప్పుడూ ఆపేసే చోటు నుంచి మిగతా కథ ఆస్పత్రి మంచం మీద చెప్పింది. ఆవిడ పదహారో ఏట జర్మన్ సైనికులు ఊళ్ళో పడుచువాళ్ళనందరినీ వెట్టిపనికి బండ్లెక్కించారు. ఊరు వదిలి దూరం వెళ్ళేవాళ్ళకి తల్లి తమ చేలో మట్టి ఇవ్వడం అక్కడి ఆచారం. ఎక్కడ పోయినా ఆ మట్టి శవపేటికలో తల కింద పెట్టాలి. వాళ్ళమ్మ చేలోకి పరుగెత్తి, తలగుడ్డ విప్పి అందులో మట్టి మూటగట్టి, కదులుతున్న బండిలోకి అందించింది. మరుసటి ఏడాది ఊరిని తగలబెట్టారు. అమ్మ, నాన్న, తొమ్మిదేళ్ళు మాట్లాడని బాబాయి, అందరూ ఒకే కొట్టంలో కాలిపోయారు. ఆ చోట ఇప్పుడు అడవి ఉందట.

"బట్టల గదిలో డబ్బా ఉంది అమ్మాయ్. మా వాడికి ఇవేం తెలియవు. అది తెచ్చి నా తల కింద నువ్వే పెట్టాలి" అంది.

అలాగే ఆంటీ అని లేచి వచ్చేశాను.

ఇంటికి రాగానే కుండీ బోర్లించాను. చెట్టు పీకి వేళ్ళు దులిపాను. తెల్ల పూసలు ఏరుతూ కూర్చున్నాను. ఎంత ఏరినా ఇంకా ఉన్నాయి. ఏది ఆవిడ మట్టో, ఏది సంచీలోదో నాకే తెలియలేదు. నా మీద నాకు పుట్టిన కోపమంతా ఆ చెట్టు మీద చూపించాను, గోడ అవతలికి విసిరికొట్టాను. అక్కడి డిసెంబరు ఎండకి సాయంత్రానికే మాడిపోయింది.

మర్నాడు ఆ కలిసిన మట్టినే డబ్బాకెత్తి ఆవిడ ఒళ్ళో పెట్టాను. కుడిచేత్తో మట్టి నలిపింది. ఒక తెల్ల పూస, సన్నటి వేరు ముక్క ఆవిడ వేళ్ళకి తగిలాయి. వాసన చూసింది.

"నీ ఆకు చెట్టుకి వేశావు కదూ?"

తల ఊపాను. తెలియక చేశాను ఆంటీ అని ఏడ్చాను. తిట్టినా బాగుండేది.

"చెట్టు బతికే ఉందా?"

అక్కడైనా నిజం చెప్పాల్సింది. సిగ్గు లేని నోరు నాది. "ఉందాంటీ, చిగుళ్ళు వేస్తోంది" అన్నాను.

ఆవిడ డబ్బాని నావైపు నెట్టింది. "అయితే తీసుకెళ్ళి దాని మొదట్లోనే పోసెయ్. పండే మట్టిని పీనుగు తల కింద పెడితే మా అమ్మ ఊరుకోదు."

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకి ఏమీ కాలేదు. ఆఫీసులో కేకు కోసి, కాంట్రాక్టు వాళ్ళు ఇక రానక్కర్లేదన్నారు. ఆ వారంలోనే ఆవిడ పోయింది. పెట్టె మూసే ముందు నేను డబ్బా తెరిచి ఆవిడ తల కింద పోస్తుంటే, ఇదేమిటని కొడుకు అడిగాడు. మీ అమ్మగారి ఊరి మట్టి అన్నాను. ఆయన సరే అని పక్కకి జరిగాడు.

ఆవిడ వద్దన్న మట్టి అది. పోయడానికి నేను ఇంకో చోటు మిగల్చలేదు.