టైలరమ్మ సుద్దగీత

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. కట్టుకున్నవాడు కూడా అంతే. నోరు పెద్దది, పనితనం అంతకన్నా పెద్దది. ముందుగదిలో కిటికీ పక్కన ఉన్న మిషన్ మీద ఏళ్ళ తరబడి వంగి కూర్చునీ కూర్చునీ నడుము చెడగొట్టుకుంది. చివరికి డాక్టరు తేల్చేశాడు: "యోగా చేసి నడుముని దారికి తెచ్చుకోండి, లేదంటే మిషన్ మానేయండి." మిషన్ మానేయడమంటే టైలరమ్మకి అన్నం మానేయడమే. మొగుడు మాత్రం జాలితో తొందరపడి, మిషన్‌ని తన తమ్ముడి భార్యకి ఇస్తానని మాట ఇచ్చేశాడు.

"నెలాఖరుకి నీకు తగ్గకపోతేనే లే," అని తర్వాత నాలిక కరుచుకున్నాడు.

దాంతో ఆమెకు పంతం తలకెక్కింది. వెళ్ళి యోగా క్లాసులో చేరింది. అక్కడ కాళ్ళు చాపి కూర్చుని, ముందుకు వంగి కాలివేళ్ళు పట్టుకోవాలి. పక్కనున్న కాలేజీ పిల్లలు ఇట్టే పట్టుకుంటున్నారు. ఈవిడ చేతులు మోకాలి దగ్గరే మొరాయిస్తున్నాయి. అలవాటు ఎక్కడికి పోతుంది? ఇంటికొచ్చి, గుడ్డ కత్తిరించే ముందు గుర్తులు పెట్టే సుద్దముక్కతోనే, చెయ్యి ఆగినచోట కాలిమీద గీత గీసుకుంది. ఇక రోజూ ఆ గీత దాటాలని పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి, ఒంటిని గుంజడమే పని.

"మీ ఒంటికి ఎంత వీలైతే అంతే వంగండమ్మా," అని టీచరమ్మ మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. ఒకరోజు క్లాసులో గీత దాటనే దాటింది. దాటాక మళ్ళీ పైకి లేస్తే ఒట్టు. మొగుణ్ణి పిలిపించి, ఆయనా టీచరమ్మా చెరో రెక్క పట్టుకుని ఇంటికి చేర్చారు.

మంచమెక్కి గోడవైపు తిరిగి ఏడ్చింది. "దిక్కుమాలిన నడుము! చెప్పిన మాట వింటేనా!"

మొగుడు ఆమె కాలిమీది సుద్దగీత తడిగుడ్డతో తుడుస్తూ అడిగాడు. "మొన్న ఆ బ్యాంకాయన చొక్కా బిగుతైందని తెస్తే ఏం చేశావ్?"

"ఏం చేస్తాను, కుట్లు విప్పి వదులు చేశాను."

"పొట్ట లోపలికి లాక్కోమని తిట్టలేదే?"

"ఎందుకు తిడతాను? ఒంటిని బట్టి చొక్కా కుట్టాలి గానీ, చొక్కాని బట్టి ఒళ్ళు..." టైలరమ్మ టక్కున ఆగిపోయింది. "చాల్లెండి, నాకే పాఠాలు," అని మూతి తిప్పింది గానీ, ఏడుపు ఆగింది.

లేచి తిరగగలిగాక, బుట్టలో పడి ఉన్న ముక్కగుడ్డలన్నీ కూరి చేత్తోనే ఒక దిండు కుట్టి క్లాసుకి పట్టుకెళ్ళింది. దాన్ని మోకాళ్ళ కింద పెట్టుకుని మెల్లగా వంగింది. చేతులు పాత చోటే ఆగాయి. ఆగితే ఆగనీ అనుకుంది. అక్కడే ఊపిరి తీసుకుంది, వదిలింది. ఎప్పటినుంచో బిగుసుకుపోయిన భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. ఇన్నాళ్ళూ తన ఒంటిని తనే ఎంత సాధించిందో తలుచుకుంటే కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత చెప్పలేనంత హాయిగా అనిపించింది.

"ఇప్పుడు కుదిరిందమ్మా," అంది టీచరమ్మ.

రోజూ అంతే వంగింది. ఇంట్లో మిషన్ ముందు కూడా దిండు నడుముకి ఆనించుకుని, కాస్త కుట్టడం, లేచి ఒళ్ళు విరుచుకోవడం, మళ్ళీ కాస్త కుట్టడం మొదలుపెట్టింది.

నెలాఖరు రానే వచ్చింది. తోటికోడలు గుమ్మంలో నిలబడి, "అక్కా, ఆటో బయటే ఉంది, మిషన్..." అని ఆగిపోయింది. లోపల మిషన్ టకటకమని పరుగెడుతోంది. టైలరమ్మ బ్యాంకాయన ప్యాంటు అంచు పూర్తిచేసి, దారం తెంపి, బల్ల పట్టుకోకుండా, నడుము మీద చెయ్యి వేయకుండా నిటారుగా లేచి నిలబడింది.

మొగుడు నోరు వెళ్ళబెట్టాడు. "అయితే కాలివేళ్ళు పట్టేసుకున్నావన్నమాట!"

"ఎక్కడ? అవి అక్కడే ఉన్నాయి, నేను ఇక్కడే ఉన్నాను," అని పకపకా నవ్వింది. మెడలో టేపు సర్దుకుంటూ తోటికోడలి వైపు తిరిగింది. "మిషన్ ఖాళీగా లేదు చెల్లీ. ఆటో పంపించేసి లోపలికి రా, నీ కొలతలు తీసుకుంటాను. వదులుగానే కుడతాలే."