రక్తంలో దొరకని ఎండ

గ్యాసు, చమురు ధరలు మండిపోతున్న ఆ రోజుల్లో దోహాలో ఏ వైపు చూసినా క్రేన్లే కనిపించేవి. నేను ఊరికి దూరంగా ఒక గ్యాసు ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరుని. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాణ్ణి. మదీనత్ ఖలీఫాలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. నా భార్య ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు.

ఆమెకి కిడ్నీల జబ్బుందని తెలిసేనాటికే అవి సగానికి పైగా పాడయ్యాయి. బీపీ మాత్రలు వేసుకుంటూ, కూరల్లో ఉప్పు తగ్గించుకుంటూ నెట్టుకొస్తున్నాం. ఆ ఏడు వేసవి సెలవుల తర్వాత ఎముకల నొప్పులు మొదలయ్యాయి. మొదట మడమలు, తర్వాత తుంటి, ఆ తర్వాత పక్కటెముకలు. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే భుజం పట్టేసేది.

"విటమిన్ డి అయ్యుంటుంది. ఇక్కడ ఎవరికి లేదు ఆ లోపం?" అన్నారట స్టాఫ్‌రూములో.

నిజమే. అంత ఎండ కాసే దేశంలో, ఏసీ గదుల్లోనే గడిపే మావాళ్ళలో ఎవరు పరీక్ష చేయించుకున్నా అదే తేలేది. మేమూ దగ్గర్లోని క్లినిక్‌లో చేయించాం. బాగా తక్కువ వచ్చింది. చెబితే ఎవరైనా నవ్వుతారు గానీ, ఆ రోజు మా ఇద్దరికీ ఎంత ఊరటగా ఉందో. షాపులో దొరికే మందుతో పోయే జబ్బే కదా అనుకున్నాం.

వారానికో మాత్ర, రోజూ పొద్దున డాబా మీద కాసేపు ఎండ. లిఫ్టు మా అంతస్తుతో ఆగిపోయేది. డాబాకి ఇంకో వరస మెట్లు ఎక్కాలి. రెయిలింగు పట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కేది. బిల్డింగు కాపలా చూసే హారిస్ జగిత్యాల వైపు మనిషి. ఆమె వచ్చేసరికి డాబా తలుపు తాళం తీసి, ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచేవాడు.

"ఎండకు కూసుంటే బొక్కల నొప్పి పోతదా మేడం?" అని అడిగాడట ఓ రోజు.

"పోతుందంటున్నారు తమ్ముడూ."

"ఏమో మేడం. నేనైతే సైట్ల పొద్దంత ఎండల్నే పని చేసిన. నా నడుం నొప్పి ఇంక పోలే."

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట నాకు చెప్పి నవ్వింది.

చలికాలం వచ్చాక మళ్ళీ పరీక్ష చేయించాం. ఈసారి నంబరు మామూలు మనిషికి ఉండాల్సినంత ఉంది. డ్యూటీలో ఉండగా ఫోన్ చేసి, "ఏమండీ, నేను పాసయ్యాను!" అంది. సాయంత్రం సేమ్యా పాయసం వండింది. నేను ఇల్లు చేరాక హారిస్‌కి ఒక గిన్నె ఇవ్వడానికి వెళ్తుంటే తుంటి పట్టేసి, గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని కూలబడింది. పాయసం ఒలికిపోయింది. "నంబరు బాగుంది కదండీ, మరి ఇదేమిటి?" అంది నా వైపు చూసి. పట్టుకుని లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాను.

ఆ రిపోర్టు పట్టుకుని కిడ్నీ డాక్టరు దగ్గరికెళ్ళాం. సూడాన్ ఆయన. నెమ్మదిగా, ప్రతి మాటా మాకు అర్థమైందో లేదో చూసుకుంటూ మాట్లాడేవారు.

"ఈ నంబరు చెప్పేది మీ ఒంట్లో నిల్వ ఉన్న విటమిన్ గురించి. దాన్ని ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చేది ముఖ్యంగా కిడ్నీలు. ఆ మారిన రూపాన్ని కొలిచే పరీక్ష వేరే ఉంది. అందరికీ అక్కర్లేదు, మీకు చేయించాలి. మా దగ్గర చేయించిన పరీక్షలో, మీ మెడలో ఉండే చిన్న గ్రంథుల హార్మోను కూడా చాలా ఎక్కువ వచ్చింది. అది ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తోంది."

"మరి నేను కూర్చున్న ఎండంతా?" అంది ఆమె.

"ఎండ చేయాల్సింది చేసిందమ్మా. మీ కిడ్నీలే చేయలేకపోతున్నాయి."

తిరుగు దారిలో కారులో, "అయితే రేపట్నుంచి డాబా మీదికి వెళ్ళక్కర్లేదా?" అని అడిగింది. మర్నాడు కూడా వెళ్ళింది. ఆ వారమంతా వెళ్ళింది. తర్వాత ఇక ఎక్కలేకపోయింది.

డాక్టరు చెప్పిన ఆ వేరే పరీక్ష ఇక్కడ చేయరట. రక్తం తీసి, ఐసులా గడ్డకట్టించి యూరప్‌లోని ల్యాబుకి పంపారు. ఎన్నాళ్ళకీ కబురు లేదు. చివరికి ఫోన్ చేసి, శాంపిల్ దారిలో కరిగి పాడైపోయింది, మళ్ళీ ఇవ్వాలన్నారు. గట్టిగా అడుగుదామని ల్యాబుకెళ్ళాను. కౌంటరు దగ్గరున్న ఫిలిపినో అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మళ్ళీ రక్తం ఇవ్వడానికి రోజు రాయించుకుని వచ్చేశాను.

"నేను ఇంతవరకు యూరప్ చూళ్ళేదు. నా రక్తం మాత్రం చూసొచ్చింది" అని ఆమె నవ్వింది. నవ్వితే పక్కటెముకలు నొప్పని చేత్తో అదిమి పట్టుకుంది.

రెండోసారి పంపిన దానికి జవాబొచ్చింది. ఒంటికి పనికొచ్చే ఆ విటమిన్ దాదాపు లేదు. దాన్నే మాత్రల్లో ఇచ్చారు. నొప్పులు కాస్త తగ్గాయి. అంతలోనే రక్తంలో కాల్షియం మితిమీరి పెరిగిపోయింది. ఒకటే వాంతులు. క్లాసులో తను రాస్తున్న లెక్క మధ్యలో మరిచిపోయి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. మందు ఆపారు. హార్మోను పెరిగింది. మళ్ళీ కొద్దిగా మొదలుపెట్టారు. ప్లాంటులో ఏదైనా ప్రెషరు పెరిగితే ఏ వాల్వు తిప్పాలో నాకు తెలుసు. ఇక్కడ నాకు చేతనైందల్లా వారంవారం ఆమెని ల్యాబుకి తీసుకెళ్ళడం, సూది గుచ్చుతుంటే రెండో చెయ్యి పట్టుకోవడం.

ఓ ఉదయం దగ్గు తెర వచ్చి పక్కటెముక విరిగింది. ఉద్యోగం మానేసింది. వీల్‌చైర్లో కిందికి తీసుకొస్తుంటే హారిస్ పరుగెత్తుకొచ్చి తలుపు పట్టుకున్నాడు.

"మేడం, ఊరికి ఫోన్ చేసిన. 'దుబాయ్ల మీ మేడం మంచిగ కావాలె' అని మా అమ్మ దర్గల మొక్కి, కొండగట్టు గుడికి గూడ మొక్కింది. ఆమెకు గల్ఫంత దుబాయే."

"అమ్మకి నా దండాలు చెప్పు తమ్ముడూ" అంది.

తర్వాత డయాలిసిస్ మొదలైంది. మరుసటేడు మెడలో గ్రంథులకి ఆపరేషన్ చేశారు. నొప్పులు చాలావరకు తగ్గాయి. కిడ్నీలు బాగుపడలేదు, నడకా మునుపటిలా లేదు. మెట్లు లేని ఇల్లు కావాలని ఊరి శివార్లలో అల్ వుకైర్‌లో కింది పోర్షనుకి మారాం. డయాలిసిస్ లేని రోజుల్లో ఇంట్లోనే ట్యూషన్లు చెబుతోంది.

రక్తపరీక్షలు సాగుతూనే ఉన్నాయి. రిపోర్టు రాగానే నేను కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్కటే చదువుతాను. కాల్షియం, హార్మోను, విటమిన్.

"ఎంతుంది?" అంటుంది. చెబుతాను.

"అది మంచిదేనా?"

"డాక్టరుగారు చెప్పాలి" అంటాను.

సరేనని తల ఊపి, ట్యూషన్ పిల్లలు ఎదురుచూస్తున్నారంటూ గోడ పట్టుకుని పక్క గదిలోకి వెళ్తుంది.